ఉప్పు చూసే మనిషి

మా దవాఖానలో నాది చివరి గది. బీపీ చూసే బల్ల, రక్తం తీసే చోటు, డాక్టర్ మేడమ్ గది, మందులిచ్చే కిటికీ, ఇవన్నీ దాటాక నేనుంటాను. నా దగ్గరికి వచ్చేసరికి మనుషులు అలసిపోయి ఉంటారు. చేతిలో గోలీల కవరు, మనసంతా బస్సు మీద. అట్లాంటి వాళ్లను కూర్చోబెట్టి షుగరుకు ఏం తినాలి, బీపీకి ఏం తగ్గించాలి, రోజుకు ఎంతసేపు నడవాలి అని చెప్పడం నా ఉద్యోగం. మెడలో వేసుకునే కార్డు మీద కౌన్సెలర్ అని ఉంటుంది. వచ్చేవాళ్లు మాత్రం నన్ను 'తిండి మేడమ్' అంటారు.

మొదట్లో ఆ పని చాలా తొందరగా చేసేదాన్ని. గోడకు ఒక బొమ్మల చార్టు ఉండేది. పచ్చరంగు వైపు తినదగినవి, ఎర్రరంగు వైపు తినకూడనివి. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారో అడిగి ఫారం నింపి, ఆ చార్టు చూపించి, మళ్లీ నెల రమ్మనేదాన్ని. తిండి గురించి అందరూ తక్కువే చెప్తారని నాకొక నమ్మకం. వర్ధన్నపేట పక్క పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. పొలం నుంచి వచ్చిన మనిషి ఎంత అన్నం తింటాడో నాకు తెలుసు. అందుకే ఎవరైనా "రెండే రొట్టెలు మేడమ్" అంటే మనసులో నాలుగు అని వేసుకునేదాన్ని.

ఆయన వచ్చినప్పుడు కూడా అట్లాగే వేసుకున్నాను.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఖిలా వరంగల్‌లో ఇల్లు. పెళ్లిళ్లకు వంట చేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని. ముస్లింల నిఖాలకు బిర్యానీ, హిందువుల రిసెప్షన్లకు బగారా అన్నం, మటన్. తెల్లటి గడ్డం, మోచేతుల మీద నూనె చిట్లిన పాత మచ్చలు. వెంట భార్య వచ్చింది. ఆమె కూడా ఆయనతోనే పనికి పోతుంది, ఉల్లిగడ్డలు కోయడం నుంచి మసాలా నూరించడం దాకా ఆమె చూసుకుంటుంది. ఏడాదిగా మా దగ్గరే మందులు వాడుతున్నాడు. రెండుసార్లు గోలీలు పెంచినా షుగరు దిగలేదు, బీపీ దిగలేదు. ఇంక తిండి సంగతి గట్టిగా అడగమని డాక్టర్ మేడమ్ నా దగ్గరికి పంపింది.

"నిన్న పొద్దుగాల ఏం తిన్నరు చాచా?"

"చాయ్. చక్కెర లేకుంట."

"తర్వాత?"

"పదకొండింటికి ఒక జొన్నరొట్టె, ఇంత పప్పు."

"పగటీలి?"

"తినలే."

"మాపటికి?"

"ఒక రొట్టె. అది గూడ ఈమె పోరు పడలేక."

నాకు నవ్వొచ్చింది. ఆయన కార్డు మీదున్న అంకెలు రెండు రొట్టెలతో వచ్చేవి కావు. "చాచా, నా దగ్గర దాచిపెడితే నాకేం నష్టం లేదు. మీకే నష్టం" అన్నాను.

ఆయన కొంచెంసేపు నన్నే చూశాడు. "నేను అబద్ధమాడలే మేడమ్" అన్నాడు. కోపంగా అనలేదు. కవరు తీసుకొని లేచి బయటికి నడిచాడు.

భార్య మాత్రం గడప దగ్గర ఆగింది. "ఆయన నిజంగనే తినడు బిడ్డా. పని ఉన్ననాడైతే అసలే ఆకలి లేదంటడు. పని లేకుంట ఇంట్ల ఉన్ననాడే అన్నం అడుగుతడు" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. మా ఇంట్లో పొలం పని ఉన్న రోజు రెండింతలు తినేవాళ్లు, పని లేని రోజు తక్కువ. ఈయనకేమో తలకిందులుగా ఉంది. తెల్లారకముందు నుంచి నిప్పు ముందు నిలబడి, ఇద్దరు మోయాల్సిన వంట డేగిసలు దించే మనిషికి ఆకలి ఎందుకు కాదు?

మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక ఆయన పాత లెక్కలన్నీ రిజిస్టరులో వెతికి ఒక కాగితం మీద రాసుకున్నాను. అన్నీ ఎక్కువే. రెండు నెలల్లో మాత్రం షుగరు, బీపీ రెండూ దిగాయి. ఆ రెండు నెలల్లో కొత్త మందేమీ ఇవ్వలేదు. ఎందుకు దిగాయో ఎవరూ రాయలేదు. నెలల పేర్లు చూస్తూ గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. ఒకటి మొన్న గడిచిన ఆషాఢం. ఇంకొకటి అంతకు ముందు మూఢం వచ్చిన రోజులు. రెండింటిలోనూ హిందువుల ముహూర్తాలు లేవు, ఆయనకు పనే తక్కువ.

కాగితం తీసుకొని డాక్టర్ మేడమ్ దగ్గరికి పోయాను. "మేడమ్, ఈయన షుగరు ముహూర్తాలను బట్టి నడుస్తోంది" అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత కాగితం తీసుకొని రెండుసార్లు చూసింది. "కనుక్కో మరి" అంది.

ఆ కాగితంలో ఇంకొకటి కూడా కనబడింది. రంజాన్ నెలలో ఆయన అసలు రాలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. అప్పుడు దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

మళ్లీ రెండు వారాలకు ఆయన రాగానే, ముందు ఆనాటి మాటకు క్షమించమన్నాను. ఆయన చెయ్యి ఊపేశాడు. "చాచా, మీరు వంట చేస్తుంటే ఒక్కసారి చూడాలని ఉంది" అన్నాను.

"వంట చూస్తవా? ఎందుకు?"

"ఊరికే. నాకు తెలుసుకోవాలని ఉంది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె నవ్వింది. "శ్రావణమాసం గదా, పని మస్తుంది. ఐతారం రమ్మను" అంది.

ఆ ఆదివారం పొద్దున్నే నేను పోయేసరికి ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డు కింద ఐదు పొయ్యిలు మండుతున్నాయి. మటన్, బగారా అన్నం, పప్పుతో దాల్చా, చికెన్ ఫ్రై, బ్రెడ్డుతో డబుల్ కా మీఠా. ఆయన భార్య, చాచీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చుంది. నన్ను ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పొగకు కళ్లు మండుతున్నా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

వేయించిన ఉల్లిగడ్డ తీస్తూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, కరకరలాడుతుందా అని. మటన్‌కు పట్టించిన మసాలా వేలితో తీసి నాకాడు. దాల్చా గంటెతో ఎత్తి అరచేతిలో పోసుకొని జుర్రాడు. పక్క పొయ్యి దగ్గరికి పోయి చికెన్ ముక్క తుంచి చూశాడు. పాకం ముదిరిందా అని చక్కెర పాకం రెండుసార్లు నాకాడు. మళ్లీ దాల్చా. మళ్లీ మటన్ పులుసు. చేతిలోకి పోసుకోవడం, నోట్లోకి పోవడం, చెయ్యి తుండుకు తుడుచుకోవడం, అంతా ఒక్క కదలికలో అయిపోతోంది. ఆయన అదే సమయంలో ఇంకొకరికి మంట తగ్గించమని చెప్తున్నాడు. తను ఏదో తింటున్నానన్న ధ్యాసే ఆయన మొహంలో లేదు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు గంటలకల్లా పదిహేడు అయ్యాయి.

చాచీ పక్కకు పోయి కూర్చున్నాను. "చాచీ, చాచా పొద్దున్నుంచి ఎన్నిసార్లు రుచి చూసిండో తెలుసా?"

"ఉప్పు చూడకుంట వంటెట్లైతది?" అంది ఆమె, కత్తి ఆపకుండా.

"పదిహేడుసార్లు."

కత్తి ఆగింది. ముప్పై అయిదేళ్ల నుంచి ఆయన పక్కనే పని చేస్తున్న ఆమె తల తిప్పి మొగుణ్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సరిగ్గా అప్పుడే ఆయన పద్దెనిమిదోది అరచేతిలో పోసుకుంటున్నాడు.

నేను రెండు స్టీలు గిన్నెలు అడిగి తీసుకొని ఆయన దగ్గరికి పోయాను. "చాచా, ఇప్పటి సంది మీ నోట్లె ఎంత పోతే అంతే ఈ గిన్నెల గూడ వెయ్యాలె. కారపుది ఇందుల, తీపిది అందుల."

"ఇదేం ఆట?" అన్నాడు. కానీ ఆడాడు. పక్కవాళ్లు నవ్వారు. మొదట మరిచిపోయేవాడు. చాచీ అక్కడి నుంచే "గిన్నె!" అని అరిచేది. నవ్వుకుంటూ వచ్చి అంత కొలిచి పోసేవాడు.

పన్నెండున్నరకు బంతి కూర్చునే వేళకు కారపు గిన్నె అంచు దాకా నిండింది. మటన్ పులుసు, దాల్చా, బగారా అన్నం మెతుకులు, చికెన్ ముక్కలు, అన్నీ కలిసి మీద నూనె తేలుతోంది. తీపి గిన్నె సగానికి వచ్చింది. అందులో నానిన బ్రెడ్డు ముక్కలు, పాకం, జీడిపప్పు. ఒక మనిషికి నిండుగా పెట్టే భోజనం కంటే ఎక్కువే ఉంది.

ఆయన బోర్లించిన డేగిస మీద కూర్చొని రెండు గిన్నెలూ ముందు పెట్టుకున్నాడు.

"ఇదంత నేను తిన్ననా?"

"ఏడింటికి గదా చాచా గిన్నెలు పెట్టింది. అంతకు ముందుది ఇందుల లేదు."

"తినుడంటె కూసొని తినుడు గద బిడ్డా" అన్నాడు. "ఇది పని. దీన్ని తినుడు అంటరని నాకు ఎన్నడు తట్టలే."

అంతవరకు నన్ను మేడమ్ అని పిలిచిన మనిషి బిడ్డా అన్నాడు. ఆయన మొదటి రోజు నాతో చెప్పింది అక్షరాలా నిజం. ఆయన దృష్టిలో ఆయన తిన్నది రెండు రొట్టెలే.

దవాఖానకు తిరిగొచ్చాక ఈ సంగతి చెప్తే డాక్టర్ మేడమ్ కూడా ఆశ్చర్యపోయింది. బాగా కనిపెట్టావని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు తలకెక్కిందేమో, వెంటనే తప్పు చేశాను. ఆయన మళ్లీ వచ్చినప్పుడు ఏ ఆలోచనా లేకుండా "ఇంకేం చాచా, రుచి చూసుడు బంద్ చెయ్యండి, సరిపోతది" అని చెప్పేశాను. ఎర్రరంగు వైపు ఇంకొక బొమ్మ చేర్చినంత తేలికగా చెప్పాను.

ఆయన నా మాట విన్నాడు. తర్వాతి పెళ్లిలో పొద్దున్నుంచి ఏదీ నోట్లో పెట్టలేదు. నోరు కట్టేసుకునేసరికి మనసు దానిమీదే ఉండి, మటన్‌లో ఉప్పు వేశాడో లేదో మరిచిపోయాడు. వేయలేదనుకొని మళ్లీ వేశాడు. బంతిలో మొదటి ముద్ద పెట్టుకున్నవాళ్లు మొహాలు చిట్లించారు. పెళ్లివాళ్ల పెద్దమనిషి వంట దగ్గరికి వచ్చి అందరి ముందూ "ఏమయా, ఉప్పు గూడ చూస్కోవా?" అన్నాడట. నలభై ఏళ్లలో ఆయన వినని మాట అది.

ఇదంతా నాకు చాచీ చెప్పింది, నెల తర్వాత ఒక్కతే వచ్చి ఆయన గోలీలు తీసుకుపోతూ. "నాలుక పోయిన వంటోడు ఎందుకని ఇంట్ల కూసున్నడు. రెండు పెండ్లిళ్లు ఒప్పుకోలే" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి వంట చేస్తూ నన్ను నేను గమనించాను. పప్పు దించేలోపు గంటె మూడుసార్లు నా నోటి దాకా వచ్చింది. ఎన్ని వందల మందికి "ఉప్పు సగం చెయ్యండి" అని చెప్పి ఉంటాను! సగం చేస్తే మూడో రోజు ఎట్లా ఉంటుందో, పదో రోజు ఎట్లా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. మర్నాటి నుంచి మా ఇంట్లో ఉప్పు సగం చేశాను. వండుతూ రుచి చూడడం మానేశాను.

మొదటి రోజు మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని ఆగాడు. "ఇయ్యాల పప్పుల ఏమేసినవ్?"

"ఏమెయ్యలే. తీసేసిన."

నాలుగు రోజులు ఇద్దరం గడ్డి తిన్నట్టు తిన్నాం. ఆయన దొంగతనంగా పచ్చడి సీసా తెచ్చుకునేవాడు. వారం దాటాక నిమ్మకాయ పిండుకుంటే కొంచెం నయమనిపించింది. రెండు వారాలు దాటాక బస్‌స్టాండు దగ్గర హోటల్లో ఎప్పుడూ తినే ఇడ్లీ చట్నీ నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయంలా ఉంది. చట్నీ మారలేదు, నాలుకే మారింది. ఇది పుస్తకంలో చదివిన సంగతే, శిక్షణలో మాకు చెప్పిన సంగతే. కానీ ఆ చట్నీ తిన్నాకే నాకు తెలిసింది.

ఆ మాట చెప్పాలని ఒక సాయంత్రం డ్యూటీ అయ్యాక ఆటో ఎక్కి వాళ్లింటికి పోయాను. కోట మట్టిగోడకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు. ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. చాచీ చక్కెర లేని చాయ్ ఇచ్చింది. తప్పు నాదని చెప్పాను. మా ఇంట్లో పప్పు సంగతి, పచ్చడి సీసా సంగతి చెప్పాను. పచ్చడి సీసా దగ్గర ఆయన కొంచెం నవ్వాడు.

"నీ పప్పు వేరు బిడ్డా. వెయ్యి మందికి వండెటోడు నోట్లె పెట్టకుంట ఎట్ల ఎరుకైతది?"

నేను గోడ వైపు చూశాను. నమాజు వేళలు రాసిన క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే ఒక ప్రశ్న నోటికొచ్చింది. సలహా ఇవ్వాలని అడిగింది కాదు. నిజంగా తెలియక అడిగాను.

"చాచా, రంజాన్ నెల్ల మీరు రోజా ఉంటరు గదా. పగలు వండుతరు గదా. అప్పుడు ఉప్పు ఎట్ల చూస్తరు?"

"చూడం" అన్నాడు. ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. "ఎట్ల చూస్తం? నోట్లె ఏమన్న పెడ్తమా?"

"మరి సమంగ ఎట్లొస్తది?"

ఆయన మంచం మీద కొంచెం ముందుకు జరిగాడు. "దానికి లెక్కుంటది. పొద్దుగాలనే ఉప్పంత కొలిచి పెట్టుకుంట. డేగిసకొక గిన్నె. గిన్నె నిండుగుంటె ఎయ్యలేనట్టు, ఖాళీగుంటె ఏసినట్టు. ఇంక మర్సిపోవుడు లేదు. మిగతాది వాసన చెప్తది. ఉప్పు పట్టని కూర వాసన పచ్చిగుంటది, పట్టినంక గుండ్రంగ వస్తది. పాకమైతె నోట్లెందుకు, రెండు వేళ్ల నడుమ తీగ చూస్తె చాలు. ఉల్లిగడ్డ ఏగిందా అంటె గంటె చప్పుడే మారుతది..."

ఆయన చేతులు గాలిలో తిప్పుతూ చెప్తున్నాడు. వాసన గుండ్రంగా ఉండడం అంటే ఏమిటో అడిగాను. కళ్లు మూసుకొని ముక్కుతో పీల్చి చూపించాడు. నూనె మీదికి తేలినప్పుడు రంగు ఎట్లా మారుతుందో, అన్నం దమ్ముకు వచ్చిందని మూత మీద చెయ్యి పెట్టి ఎట్లా చెప్పొచ్చో, అన్నీ అడిగాను. నాకు నిజంగానే వినాలనిపించింది. చాయ్ చల్లారిపోయింది.

"రంజాన్‌ల ఈయన వంటకు ఇప్పటిదాక ఎవ్వరు వంక పెట్టలే" అంది చాచీ, గడపలో నిలబడి.

ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. భార్యను చూశాడు, నన్ను చూశాడు.

"నెల రోజులు చూడకుంట వండుతనే ఉన్న గదా?" అన్నాడు. మమ్మల్ని అడిగినట్టూ ఉంది, తనను తను అడుక్కున్నట్టూ ఉంది.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి మాట్లాడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

పద్ధతి ఆయనే పెట్టుకున్నాడు. పని ఉన్న రోజు పొయ్యి అంటించిన దగ్గర్నుంచి వండేది ఏదీ నోట్లో పెట్టడు. ఉప్పు గిన్నెల్లో కొలిచి పెట్టుకుంటాడు. చివర డేగిస దించే ముందు మాత్రం చెంచా కొనతో ఒక్కసారి. ఆ ఒక్కసారి చాచీ చూస్తే సరిపోదా అని నేనంటే, "అప్పుడు నా షుగరు ఆమెకొస్తది" అన్నాడు. పనిలో ఆకలి మొదలైంది. పదకొండింటికి పక్కకు పోయి, కూర్చొని, ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు జొన్నరొట్టెలు, కూర తినడం అలవాటు చేసుకున్నాడు. కార్తీకంలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యేసరికి పని ఒప్పుకున్నాడు.

ఇంట్లో కూరలో ఉప్పు తగ్గించింది చాచీ. వారం రోజులు పోట్లాడుకున్నారట. నెల గడిచాక ఒకరోజు ఆయనే వచ్చి చెప్పాడు. చెంచా కొనతో చూసిన మటన్ తనకు ఉప్పెక్కువగా తోచింది. కొలతేమో ఎప్పటిదే. "అంటే ఇన్నేండ్లు నేను జనానికి ఉప్పెక్కువనే పెడుతున్ననా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన గిన్నెకు రెండు పిడికిళ్లు తగ్గించి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన మాత్రం వంట దగ్గరికి వచ్చి ఇయ్యాల మటన్ మస్తుగుందని చెప్పి పోయాడట.

సంక్రాంతి దాటేసరికి కార్డు మీద అంకెలు కదిలాయి. బీపీ ముందు దిగింది. షుగరు మెల్లగా, మొండిగా, ఒక నెల దిగి ఒక నెల ఎక్కి, మొత్తానికి కిందికే వచ్చింది. పొద్దున కోటగోడ వెంట నడక కూడా పెట్టుకున్నాడు. గోలీలు మానలేదు, మానొద్దనే చెప్పాం. డాక్టర్ మేడమ్ ఒక గోలీ సగం చేసింది. ఆ సగం గోలీని ఆయన చాలా రోజులు అందరికీ చూపించాడు.

అప్పుడే ఆ ఖాళీ గడి గురించి అడిగాను. పోయిన రంజాన్‌లో ఎందుకు రాలేదని.

"వస్తె రోజాలు ఉండొద్దంటరని రాలే. పగటి గోలీ మానేసి, రెండు పూటలవి ఒక్కసారే ఏసుకున్న."

ఆయన చెప్పకపోవడం కంటే, ఆ గడి చూసి కూడా నేను అడగకపోవడమే ఎక్కువ బాధనిపించింది. చెయ్యి పట్టుకున్నంత పని చేసి డాక్టర్ మేడమ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కోప్పడలేదు. రంజాన్‌కు ముందే పరీక్షలు చేయించింది. తెల్లారకముందు సహరీకి ఏ గోలీ, సాయంత్రం ఇఫ్తార్‌కు ఏ గోలీ అని విడగొట్టి రాసిచ్చింది. వేలిమీద పొడిచి చూసుకునే మిషను దగ్గర పెట్టుకోమంది. ఫలానా అంకె కంటే కిందికి పోతే ఎంత పొద్దు మిగిలినా రోజా విడవాలని గట్టిగా చెప్పింది. రక్తం చూసుకుంటే రోజా పోతుందేమోనని ఆయనకు అనుమానం. మసీదులో పెద్దాయన్ని అడిగి, పోదన్నాడని వచ్చి చెప్పాడు.

ఆ నెలంతా మండీబజార్‌లో ఒక హలీమ్ బట్టీ దగ్గర ఆయనకు పని. పన్నెండో రోజా నాడు సాయంత్రం నాలుగున్నరకు నా ఫోన్ మోగింది. చాచీ.

"బిడ్డా, ఈయన చేతులు వణుకుతానయి. చెమటలు కారుతానయి. బట్టీ వేడికి అంటాండు. మిషన్ల చూస్తె..." అని అంకె చెప్పింది. డాక్టర్ రాసిచ్చిన అంకె కంటే కిందికి ఉంది.

"తినిపియ్యండి చాచీ. చక్కెర నీళ్లు. ఇప్పుడే."

"ఇంటలేడు. ఇంక రెండు గంటలే గదా అంటాండు."

ఫోన్ ఆయనకిమ్మన్నాను. వెనక బట్టీ చప్పుడు, జనం మాటలు. ఆయన గొంతు సన్నగా, ముద్దగా వచ్చింది.

"ఆరు నెలల సంది నోట్లె పెట్టొద్దు పెట్టొద్దంటివి బిడ్డా. పెట్టకుంట ఉండుడు నేర్సుకున్న. ఇప్పుడు పెట్టుమంటవా?"

"పెట్టుమంటాన చాచా. ఫోన్ పెట్టెయ్యకుండ తాగండి. నేను ఇంటాన."

కాసేపు ఏమీ వినిపించలేదు. నా గదిలో ఇంకా ఇద్దరు కూర్చొని ఉన్నారు, వాళ్లు కూడా నన్నే చూస్తున్నారు. తర్వాత గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు వచ్చింది. తర్వాత చాచీ గొంతు, "తాగిండు" అని. ఆమె ఏడుస్తోంది. పావుగంట ఆగి మళ్లీ చూడమన్నాను. అంకె ఎక్కింది. వణుకు తగ్గింది.

మర్నాడు ఆయన దవాఖానకు వచ్చినప్పుడు కళ్లు వాచి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఒక్క రోజా విడవలేదట. డాక్టర్ మేడమ్ గోలీ మోతాదు మళ్లీ తగ్గించింది. నాలుగు రోజులు ఉపవాసం వద్దంది. ఆయన సరేనన్నాడు, కానీ ఆ సరే అనడానికి చాలాసేపు పట్టింది. నాలుగు రోజుల తర్వాత అంకెలు చూసి ఉండొచ్చంది. మిగిలిన రోజాలన్నీ పూర్తి చేశాడు. ప్రతి మధ్యాహ్నం చాచీ నాకు ఫోన్ చేసి అంకె చెప్పేది. విడిచిన రోజాలు అయిదు బాకీ మిగిలాయి.

అవి చలికాలంలో తీర్చుకున్నాడు, పొద్దు చిన్నగా ఉంటుందని. డిసెంబరులో ఒక మధ్యాహ్నం చెకప్‌కు వచ్చాడు. పెదవులు ఎండి ఉన్నాయి. నేను అప్పుడే టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. ఆయన్ని చూసి పక్కన పెట్టబోతే ఆపాడు.

"తాగు బిడ్డా. చల్లగైతది."

"ఎన్నోది చాచా?"

"ఇదే ఆఖర్ది."

వేలి మీద పొడిచి మిషన్లో చూశాం. అంకె బాగుంది. కార్డు మీద రాస్తుంటే, ఎప్పుడూ అడగనిది ఆ రోజు అడిగాడు, ఆ ఎర్రరంగు బొమ్మల చార్టు ఏదీ, గోడ మీద కనబడదేమని. కిందికి దించి బీరువా వెనక పెట్టానని చెప్పాను. ఎందుకన్నాడు. ఈ మధ్య వచ్చినవాళ్లను ముందు ఏం పని చేస్తారో అడుగుతున్నానని, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ పని ఎట్లా చేస్తారో చెప్పమంటున్నానని, దాంతో పూట గడిచిపోతోందని, చార్టు దాకా పోవడానికి టైమే దొరకడం లేదని చెప్పాను.

ఆయన తల ఊపి, బయట బెంచీ మీద కూర్చున్న చాచీని కేకేసి, ఇంక పోదామన్నాడు. మాపటికి ఇఫ్తార్‌కు ఇంట్లో పాలకూర పప్పు చేసుకుంటున్నారట. ఉప్పు తనే వేస్తానన్నాడు.